వాలు అక్షరాలు

ఆర్కిటెక్టు అంటే ఇల్లు కట్టించుకునేటప్పుడు మాత్రమే మన గుమ్మంలోకి వచ్చే మనిషి అని మా తరంవాళ్ళ లెక్క. చుట్టచుట్టిన కాగితాలు చంకలో పెట్టుకుని వస్తాడు. వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలంటే సరేనంటాడు. ఫీజు పుచ్చుకుని వెళ్ళిపోతాడు. ఇప్పుడు హైదరాబాదులో మాదాపూరు వైపు వెళ్ళి ఏ కాఫీ దుకాణంలోనైనా కాసేపు కూర్చోండి. పక్క బల్ల దగ్గర నలుగురుంటే అందులో ఒకరైనా ఆర్కిటెక్టే అయి ఉంటారు. వాళ్ళు ఒక్క ఇటుకైనా పేర్చరు. తాపీ ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు. సొల్యూషన్ ఆర్కిటెక్టులట, డేటా ఆర్కిటెక్టులట. వీళ్ళందరినీ మించి ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్టులట! మా అక్క కూతురు ఈ ఆఖరి జాతికి చెందింది.

"ఇంతకీ నువ్వు చేసే పనేమిటే?" అని ఎప్పుడడిగినా, "బొమ్మలు గీస్తాను పిన్నీ" అని తప్పించుకునేది. మా అక్క మాత్రం, "చిన్నప్పుడు గోడలన్నీ ఖరాబు చేసి నాచేత తన్నులు తినేది. ఇన్నాళ్ళకి ఆ పనికే జీతమిచ్చేవాళ్ళు దొరికారు" అని మురిసిపోతూ ఉంటుంది.

నేను బి.ఏ. చదివినదాన్ని. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి తప్ప నాకు ఇంకో శాస్త్రం తెలియదు. కంప్యూటరు నాకు నవల టైపు చేసుకునే యంత్రం మాత్రమే. అలాంటి నాకు అర్థమయ్యేలా ఆ పిల్ల ఒక సాయంత్రం చెప్పింది. నాకు అర్థమైందంటే మీకూ అవుతుందన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను.

ఒక పెద్ద బ్యాంకుందనుకోండి. అందులో కంప్యూటరు ప్రోగ్రాములు వందల్లో ఉంటాయి. ఒకటి పాతికేళ్ళ క్రితం ఎవరో కొన్నది, ఒకటి మొన్న కొన్నది. ఒకదాని సంగతి రిటైరైపోయిన ఒక పెద్దమనిషికి తప్ప ఎవరికీ తెలియదు. ఒకదాన్ని ఆపితే ఇంకేది ఆగిపోతుందో అంతకన్నా తెలియదు. పాతకాలపు మండువా ఇంట్లో ఏ దూలం తీస్తే ఏ గది కూలుతుందో తెలియనట్టన్నమాట. ఎవరు ఏ పని చేస్తారు, ఆ పనికి ఏ ప్రోగ్రాము ఆధారం, ఆ ప్రోగ్రాము ఏ యంత్రం మీద నడుస్తుంది అనేదంతా పెట్టెలుగా, వాటి మధ్య గీతలుగా రాసిపెట్టడమే మా పిల్ల ఉద్యోగం.

ఈ ఆలోచనకి మన ఇళ్ళు కట్టడమే మూలం అంటే నాకు ముచ్చటేసింది. 1987లో ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేసే జాన్ జాక్‌మన్ అనే ఆయన ఆ కంపెనీ పత్రికలోనే ఒక వ్యాసం రాశాడు. ఇల్లు ఒకటే అయినా కట్టించుకునేవాడికి ఒక బొమ్మ కావాలి, గీసేవాడికి ఒకటి, కట్టే కంట్రాక్టరుకి మరొకటి. ఏదీ తప్పు కాదు, ఏదీ ఇంకోదానికి బదులు రాదు. కంప్యూటరు వ్యవస్థలకి కూడా అలాగే వేరువేరు బొమ్మలు ఉండాలన్నాడాయన. అప్పట్లో ఏమిటి, ఎలా, ఎక్కడ అని మూడు ప్రశ్నలకే గడులు గీశాడు. 1992లో జాన్ సోవా అనే ఆయనతో కలిసి ఎవరు, ఎప్పుడు, ఎందుకు అనే మూడింటినీ చేర్చాడు. చూశారా, 'ఎందుకు' అనే ప్రశ్న శాస్త్రంలో కూడా కాస్త ఆలస్యంగానే వస్తుంది!

తర్వాత నెదర్లాండ్స్‌లో 2002 నుంచి 2004 దాకా కొందరు పరిశోధకులూ, ఒక బ్యాంకూ, ఒక పింఛను సంస్థా, అక్కడి పన్నుల శాఖా కలిసి ఈ బొమ్మలకి ఒక భాష తయారుచేశారు. పేరు ఆర్కిమేట్. 2009లో ఓపెన్ గ్రూప్ అనే సంస్థ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. ఆ భాషలో బొమ్మలు గీయడానికి సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. ఆస్ట్రేలియావాళ్ళది ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ అనే పేరుతోనే ఒకటుంది, దానికి డబ్బు కట్టాలి. ఇంగ్లండులో బోల్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2010లో బయటికొచ్చిన 'ఆర్కి' మాత్రం ఉచితం. ఉచితం అనగానే నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చి నా లాప్‌టాప్‌లో ఎక్కించమన్నాను.

తెరిస్తే మధ్యలో తెల్లకాగితంలాంటి చోటు. ఒక పక్క రకరకాల పెట్టెలు, గీతలు పేర్చిన పళ్ళెం. ఎడమవైపు ఒక చెట్టు. చెట్టంటే నిజం చెట్టు కాదు. మనం పుట్టించిన ప్రతి వస్తువు పేరూ కొమ్మలు కొమ్మలుగా వరసగా ఉండే జాబితా. మనుషులూ, వాళ్ళు చేసే పనులూ పసుపురంగు పెట్టెలు, ప్రోగ్రాములు నీలం, యంత్రాలు ఆకుపచ్చ. గీతలు పదకొండు రకాలు, ఒక్కోదానికి ఒక్కో అర్థం. పెట్టెలు నామవాచకాలైతే గీతలు క్రియలన్నమాట. ఏ పెట్టెనుంచి ఏ పెట్టెకి పడితే ఆ గీత గీస్తానంటే కుదరదు. వ్యాకరణం ఒప్పుకోకపోతే గీత పడదు. ఏ గీతా కుదరని చోట, "ఏదో సంబంధం ఉందిలే" అనే అర్థంతో బోసిగా ఉండే గీత ఒకటుంది. పెళ్ళిళ్ళలో, "వీరు మనకి ఏదో దూరపు చుట్టాలు" అని పరిచయం చేస్తామే, అలాంటిది.

ఆ సాఫ్ట్‌వేరుతో పాటే ఒక నమూనా కథ కూడా వస్తుంది. దాని పేరు ఆర్కిష్యూరెన్స్. అదొక బీమా కంపెనీ. లోకంలో ఎక్కడా లేదు, పాఠం చెప్పడం కోసం పుట్టించారు. నవలలు రాసేదాన్ని కదా, నాకు ప్రాణం లేచొచ్చింది. మూడు కంపెనీలు కలిసి ఒకటయ్యాయట. ఒకటి ఇళ్ళకీ ప్రయాణాలకీ బీమా చేసేది, ఒకటి కార్లకి, మూడోది కోర్టు ఖర్చులకి. కలిశాక ఖాతాదారులతో మాట్లాడే ముందుగది ఒకటే పెట్టుకున్నారు, వెనక లెక్కలు చూసే గదులు మాత్రం మూడూ మూడుగానే ఉండిపోయాయి. వీధి గుమ్మం ఒకటే, పొయ్యిలు మాత్రం మూడు! ఇంతకన్నా తెలుగు కథ ఉంటుందా చెప్పండి.

అసలు కిటుకు ఇకముందే ఉంది. ఆ బీమా కంపెనీ సంగతంతా చెట్టులో ఒకేచోట ఉంటుంది. దాన్ని మోడల్ అంటారు. కాగితం మీద మనకి కనబడే బొమ్మ మోడల్ కాదు. అది ఒక వ్యూ, మన మాటలో ఒక చూపు. ఒకే మోడల్ మీద ఎన్ని చూపులైనా గీసుకోవచ్చు. డైరెక్టరుకి ఒకటి, లెక్కల అధికారికి ఒకటి, యంత్రాలు చూసేవాడికి ఒకటి. ఎవరి బెంగ వాళ్ళది కాబట్టి ఎవరి బొమ్మ వాళ్ళది. ఒకే పెట్టె పది బొమ్మల్లో కనబడవచ్చు, కానీ ఉన్నది ఒక్కటే. ఒకచోట పేరు మారిస్తే పదిచోట్లా మారుతుంది. బొమ్మలోంచి ఒక పెట్టెని తీసేస్తే అది ఆ బొమ్మలో కనబడదంతే, చెట్టులో అలాగే ఉంటుంది. మోడల్లోంచే తీసేస్తే మాత్రం అన్ని బొమ్మల్లోంచీ, దాని గీతలన్నిటితో సహా మాయమైపోతుంది.

"ఇదేముందే, కథ ఎవరి కళ్ళతో చెప్పాలా అని మేం కొట్టుకుచావమూ? అదేగా!" అన్నాను.

"అదే పిన్నీ. కాకపోతే మీ పాత్రలకి మీరు చెప్పిందే వేదం. మాకు అలా కుదరదు" అంది.

ఇదంతా చెప్పుకున్నది మార్చినెలలో, కాకినాడలో మా ఇంట్లో. పిల్ల సరదాగా రాలేదు, మా అత్తయ్యగారిని చూడ్డానికొచ్చింది. ఫిబ్రవరిలో ఆవిడ పెరట్లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషనయింది. డెబ్భయ్యారేళ్ళ మనిషి. మామగారు పోయి తొమ్మిదేళ్ళు. ముగ్గురు కొడుకులు. బావగారు హైదరాబాదులో, మరిది విశాఖపట్నంలో. మధ్యవారైన మావారితో అత్తయ్యగారూ, నేనూ కాకినాడలో, మామగారు కట్టించిన ఇంట్లోనే.

ఆవిడ మంచాన ఉండగానే అన్నదమ్ములు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. తల్లి ఆపరేషనుకి ముగ్గురూ పోటీలుపడి డబ్బు తెచ్చారు. అయితే మాటల్లో మాటగా వంతుల ప్రస్తావన వచ్చింది. నాలుగు నెలలు ఒకరి దగ్గర, నాలుగు నెలలు ఇంకొకరి దగ్గర. అలాగయితే ఇంత పెద్ద ఇల్లు మాత్రం ఎందుకు? అమ్మేసి మూడు వాటాలు వేసుకుంటే అందరికీ సుఖం. అమ్మకి కూడా మార్పుగా ఉంటుంది. బావగారు లెక్కలు తెలిసిన మనిషి. ఒక కాగితం మీద రాబడి, పోబడి రాసి చూపించారు. మామగారి మాస్టరుద్యోగం తాలూకు ఫ్యామిలీ పింఛను, పెరటివైపు వాటా అద్దె ఒక పక్క. మందులు, నర్సు, ఆస్పత్రి ఒక పక్క. కాగితం చూస్తే సందేహమే లేదు. అందులో అత్తయ్యగారు ఖర్చు పక్కన మాత్రమే ఉన్నారు.

ఆ రాత్రి మా పిల్ల, "ఇది డబ్బు చూపు పిన్నీ. పెదనాన్నగారి బెంగకి తగినట్టు సరిగ్గానే గీశారు. మిగతా చూపులేవీ?" అంది.

ఇద్దరం వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. ముందుగా తన అలవాటు ప్రకారం ఏవేవో నాలుగైదు పేర్లు చెట్టులో గబగబా కొట్టేసింది. తర్వాత నన్ను చెప్పమంది. పాలు పోయించుకోవడం. గ్యాసు బండకి ఫోను చేయడం. అద్దెవాళ్ళ తగువులు తీర్చడం. పనిమనిషి నాగాలు లెక్కపెట్టడం. ఏ చుట్టం ఇంట్లో ఏ శుభకార్యమో, ఎవరికి ఏ చీర పెట్టాలో చెప్పడం. మామగారి తిథీ, వాళ్ళ అత్తగారి తిథీ, ఎవరూ గుర్తుపెట్టుకోని ఇంకో ఇద్దరి తిథులూ. మూడిళ్ళకీ చింతపండు, కారం, మే నెలలో ఆవకాయ. వేసవి సెలవుల్లో బావగారి మనవలు. మరిదికి రక్తపోటు మాత్రలు వేసుకున్నావా అని రోజూ ఫోను. మధ్యాహ్నం రెండింటినుంచి నాలుగింటిదాకా నేను రాసుకుంటుంటే, ఎవరొచ్చినా, "అమ్మాయి పనిలో ఉంది" అని వీధిలోంచే పంపేయడం. అచ్చయిన నా పదకొండు నవలలూ ఆ రెండు గంటల్లో రాసినవే.

ఒక్కోదానికీ ఒక పసుపు పెట్టె. అత్తయ్యగారి పెట్టెనుంచి ఒక్కోదానికీ ఒక గీత. ఆ పనుల దగ్గరనుంచి మళ్ళీ మూడిళ్ళకీ బాణాలు.

ఈ బాణం సంగతి చెప్పాలి. ఒకరివల్ల ఇంకొకరికి పని జరిగితే, చేసినవారి దగ్గర బయల్దేరి అందుకున్నవారి దగ్గర మొన తేలుతుంది. మొదట్లో ఆ బాణానికి 'వాడుకోబడుతుంది' అనే అర్థం వచ్చే పేరుండేదట. 2016లో కొత్త కూర్పు తెచ్చినప్పుడు 'సేవ చేస్తుంది' అనే అర్థం వచ్చే పేరు పెట్టారట. బాణం అదే, దిక్కూ అదే. పేరే మారింది. ఆ మాట విని నేను చాలాసేపు నవ్వాను. మన ఇళ్ళల్లో కూడా అంతే కదండీ! వాడుకోవడానికి గౌరవంగా పెట్టుకున్న పేరే కదూ సేవ!

ఆ సాఫ్ట్‌వేరులో ఇంకో కిటికీ ఉంది. ఏ పెట్టెమీద నొక్కితే ఆ పెట్టెని మధ్యలో పెట్టి, దానితో సంబంధం ఉన్నవన్నీ చుట్టూ పూలరేకుల్లా పరుస్తుంది. బావగారి పెట్టెకి నాలుగు రేకులొచ్చాయి. మావారికి అయిదు. నాకు తొమ్మిది. అత్తయ్యగారి పెట్టె నొక్కేసరికి తెర నిండిపోయింది. ఇరవై మూడు.

"మా ఆఫీసులో ఇలాంటి పెట్టె కనబడితే ముందు భయపడతాం. దీన్ని కదిలిస్తే ఏమేం ఆగుతాయో రాసుకోకుండా ఎవరూ చెయ్యి వెయ్యరు" అంది పిల్ల.

మర్నాడు ఆదివారం. బావగారు, మరిది ఫోనులో వీడియోలోకి వచ్చారు. పిల్ల బొమ్మలు పంపించింది. ఒకటి డబ్బుది, ఒకటి పనులది, ఒకటి ఆ పూలరేకులది. బావగారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "రెండూ ఒకే ఇల్లేనా?" అన్నారు చివరికి. "ఒకే ఇల్లు, ఒకే అమ్మ. మొదటిది మీరు గీసిందే పెదనాన్నగారూ" అంది పిల్ల వినయంగా. మరిది, "నాకు మాత్రలు గుర్తుచేసే గీత కూడా వేశారా వదినా!" అని గొంతు సవరించుకున్నాడు. ఇల్లు అమ్మే మాట ఆ పూట ఎవరూ ఎత్తలేదు.

కథ అక్కడితో ముగిస్తే బాగానే ఉండును. ముగిద్దామనే లాప్‌టాప్ మూయబోతున్నాను. ఎడమవైపు చెట్టులో ఒకచోట అక్షరాలు కొంచెం వాలి ఉన్నాయి. మిగతావన్నీ నిటారుగా ఉన్నాయి, అది ఒక్కటే పక్కకి ఒరిగింది. "ఇదేమిటే, ఇలా వాలిపోయింది?" అన్నాను.

"ఏ బొమ్మలోనూ లేనివాటిని అలా చూపిస్తుంది పిన్నీ. ఉంది, కానీ ఎవరికీ కనబడటంలేదు అని. మా ఆఫీసులో నెలకోసారి ఈ వాలు అక్షరాలన్నీ వెతుకుతాం. ఏది మరిచిపోయామో అక్కడే దొరుకుతుంది" అంటూ దగ్గరికొచ్చి చూసి ఆగిపోయింది.

ఆ భాషలో కోరికలకీ, లక్ష్యాలకీ వేరే పెట్టెలున్నాయి. లేత ఊదారంగువి. ఎవరి కోసం ఇదంతా, వాళ్ళకేం కావాలి అనే సంగతి వాటిలో రాస్తారు. పిల్ల మొదట అలవాటుగా కొట్టిన పేర్లలో అదొకటి. 'మామ్మగారి కోరిక' అని ఉంది. అంతే. దానికి ఒక్క గీతా లేదు. ఇరవై మూడు బాణాలు ఆవిడ దగ్గరనుంచి బయల్దేరాయి గానీ ఈ పెట్టె మాత్రం ఏ బొమ్మలోకీ రాలేదు.

లాప్‌టాప్ పట్టుకుని ఇద్దరం ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళాం. పిల్ల అన్నీ చూపించి చెప్పింది. అత్తయ్యగారు ఓపిగ్గా విన్నారు. ఇరవై మూడు గీతలూ చూసి, "చాకలిపద్దు రాయలేదేమే?" అని ఇరవై నాలుగోది చెప్పారు. అప్పుడు నేనడిగాను.

"అత్తయ్యగారూ, మీకేం కావాలి?"

ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. ప్రశ్న తననేనా అన్నట్టు నా వెనక గుమ్మంకేసి చూశారు. తర్వాత కిటికీలోంచి పెరట్లో కొబ్బరిచెట్టుని చూస్తూ, "ఈ ఇంట్లోనే ఉంటానమ్మాయ్. వంతులవారీగా తిరగలేను" అన్నారు. కాసేపాగి, కొంచెం గొంతు తగ్గించి, "ఇంకోటి కూడా రాయమను. ఈ ఏడు ఆవకాయ పెట్టను. ఏభై ఏళ్ళనుంచి పెడుతున్నాను. నాకు ఆవఘాటు పడదు" అన్నారు.

ఏభై ఏళ్ళు! మూడిళ్ళ జాడీలు! ఆవఘాటు పడదని ఆ ఇంట్లో ఏ బొమ్మలోనూ లేదు.

పిల్ల ఏమీ మాట్లాడకుండా రెండు ఊదా పెట్టెలు గీసింది. ఆవిడ పెట్టెకి కలిపింది. చెట్టులో వాలిన అక్షరాలు ఠక్కున నిటారుగా నిలబడ్డాయి. కంప్యూటరు చేసే పనుల్లో ఇంత మర్యాదైనది ఇంకోటి నేను చూడలేదు.

ఈ సాఫ్ట్‌వేరు మనుషుల్ని మార్చేస్తుందని నేను చెప్పబోవడంలేదు. బావగారు ఇప్పటికీ లెక్కల మనిషే. ఇల్లు అమ్మకం వాయిదాపడింది, రద్దు కాలేదు. బొమ్మలు గీసుకున్నంతమాత్రాన తుంటి ఎముక త్వరగా అతుక్కోదు. కానీ బొమ్మ అంటే లోకం కాదు, ఎవరో ఒకరి బెంగకి జవాబు మాత్రమేనని తెలిస్తే చాలా తగువులు సగానికి తగ్గుతాయి. ఎదుటివాడి బొమ్మ తప్పని అరవక్కర్లేదు. "ఇది నీ చూపు. ఇంకో చూపు కూడా గీద్దాం" అనవచ్చు. అన్నీ గీశాక, ఎడమవైపు ఎవరి పేరైనా వాలి ఉందేమో ఒక్కసారి చూసుకోవాలి. ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఒక్కోసారి అది మనిషి కూడా కాదు, మనిషి లోపలి ఒక్క మాట.

అత్తయ్యగారిప్పుడు చేతికర్రతో వరండాదాకా నడుస్తున్నారు. పనుల బొమ్మలో తొమ్మిది గీతలు ఆవిడ దగ్గరనుంచి తీసి మావారికీ, నాకూ, మరిదికీ పంచాం. మధ్యాహ్నం రెండునుంచి నాలుగుదాకా వచ్చేవాళ్ళని పంపేసే పని మాత్రం ఆవిడ ఎవరికీ ఇవ్వనన్నారు. అది తన కోరికేనట!

జూన్ మొదటివారంలో బావగారు ఫోను చేశారు. కుశలప్రశ్నలన్నీ అయ్యాక, "అమ్మ ఈసారి ఆవకాయ పంపలేదేమిటమ్మా?" అన్నారు మెల్లిగా. మాటల్లో చెప్తే ఎటుపోయి ఎటొస్తుందోనని, ఊదారంగు పెట్టెలున్న బొమ్మ పంపించాను.